రెండు పుంజీల మాట

కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపితే చాలు, లోపల నీళ్ళెన్ని, కొబ్బరెంత, ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో చెప్పగలను. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో నేను నేర్చిన చదువు అదొక్కటే. మనుషుల్ని ఊపి చూసే వీలు లేదు కాబట్టి వాళ్ళు మాట్లాడుతుంటే వింటాను. మా పీచులంక కొబ్బరి మార్కెట్ యార్డు కార్యదర్శి విద్యాధర్ గారు హైదరాబాదులో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చి మా అందరితో మాట్లాడిన రోజున నాకు నీళ్ళ చప్పుడు బాగా వినిపించింది.

సమావేశం యార్డు రేకుల షెడ్డులో జరిగింది. వ్యాపారులం పాతికమందిమి, కాయలు లెక్కపెట్టేవాళ్ళు పన్నెండుమంది, పీచు ఒలిచేవాళ్ళు, బండివాళ్ళు, అందరం కూచున్నాం. ఎదురుగా దండెం మీద ఆరేసిన గుడ్డల్లాగా ఎనిమిది అట్టలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కో అట్ట మీద ఇంగ్లీషులో ఒక ముక్క, దాని కింద తెలుగులో అదే ముక్క. ఇన్, టర్, నే, షన్, అల్, ఐ, జే, షన్.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా," అని మొదలుపెట్టారు కార్యదర్శి గారు. ఆయన నోటితో మాట్లాడినా ఫైలులో రాసినట్టే ఉంటుంది. "ప్రభుత్వ దార్శనికతకు అనుగుణంగా పీచులంక కొబ్బరి విషయమై సదరు బృహత్ ప్రక్రియను నేటినుండి ప్రారంభిస్తున్నాం. ప్రక్రియ పేరు ఈ అట్టల మీద ఉంది. యార్డులో ప్రవేశించు ప్రతి వ్యక్తీ దానిని ఎనిమిది ముక్కలుగా విభజించి, ముక్కకోసారి చప్పట్లు కొడుతూ ఉచ్చరించవలెను."

"ఏ ప్రక్రియండి?" అని అడిగాను.

ఆయన చేతికర్రతో మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా గాలిలో గీత గీసి, "అదే," అన్నారు.

"అంటే మన కాయ పరదేశం వెళ్ళడం. అంతేనాండీ?"

"స్థూలంగా అంతే."

"మరి పరదేశం పంపడం అంటే సరిపోద్ది గదండీ."

"అది అర్థం, మాణిక్యాలరావు గారూ. మనమింకా అర్థం దశకు చేరలేదు. ప్రస్తుతం ఉచ్చారణ దశలో ఉన్నాం."

తర్వాత ఆ మాట నిర్మాణం వివరించారు. మధ్యలో ఉన్న నేషన్ అసలు మాట అట. ముందున్న ఇంటర్ దానికి తగిలించింది. వెనకాల అల్ ఒకటి, ఐజ్ ఒకటి, ఏషన్ ఒకటి, ఒకదాని మీద ఒకటి ఎక్కించారట. చెప్పింది నాకు బాగా బోధపడింది. బోధపడినప్పుడు ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు.

"కాయలాగేనన్న మాటండి. లోపల కొబ్బరి నేషన్. పైన చుట్టుకున్న అల్లూ ఐజూ ఏషనూ అంతా పీచు."

షెడ్డంతా నవ్వింది. కార్యదర్శి గారు నవ్వలేదు. "అమూల్యమైన పోలిక," అని పక్కనున్న జూనియర్ అసిస్టెంట్ ప్రభావతి గారివైపు తిరిగి, "మినిట్స్‌లో రాయండి," అన్నారు. ఆవిడ రాశారు.

రాసుకునేవాళ్ళ ఎదుట హాస్యం ఆడితే ఎంత గిట్టుబాటవుతుందో వారం తిరక్కుండా తెలిసింది. "వ్యాపార ప్రతినిధి సూచన మేరకు" అనే మకుటంతో సర్క్యులర్ వచ్చింది. పీచు అనగా ప్రత్యయములతో సమానము కావున, పీచు ఒలిచిన కాయ అసంపూర్ణ పదముగా పరిగణింపబడును, అట్టివి యార్డులో అమ్మరాదు. పీచుతో ఉన్న కాయ లారీకి సగమే పడుతుంది. మూడు రోజులపాటు ఒలుపువాళ్ళు గునపాలు గోడకి ఆనించి నా ముఖం కేసి చూస్తూ కూచున్నారు. నాలుగో రోజున నేనే వెళ్ళి, నా పోలిక తప్పని, పీచు అంటే ప్రత్యయం కాదని, తిరిగి ఆలోచించగా అది కేవలం పీచేనని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాక గునపాలు మళ్ళీ కదిలాయి.

ఆ కాగితం తీసుకుంటూ ప్రభావతి గారు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. "సార్ని హైదరాబాదు మీటింగులో ఆ మాట చదవమన్నారంటండి. మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లూ మధ్యలో ఆగిపోయారంట. నాలుగోసారి, 'సదరు ప్రక్రియ' అనేసి దాటేశారంట. అందరూ నవ్వేరంట. అందుకే శిక్షణకి వేశారు."

"ఇప్పుడు వచ్చేసిందా మరి?"

"ముక్కలు చెయ్యడం వచ్చిందండి. అతకడం నేర్పేది నాలుగో రోజంట. శిక్షణ మూడు రోజులే."

వ్యాపారిగా నాకు ఆయన మీద కోపం రాలేదు. తన సరుకు మీద నమ్మకం లేనివాడు పక్కవాడి సరుకు ఎక్కువ తనిఖీ చేస్తాడు. ఇది రోజూ చూసేదే.

గేటు దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. వచ్చేవాడు ఎనిమిది, వెళ్ళేవాడు ఎనిమిది. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి. గేటు కాపలాదారుకి ఈల ఇచ్చి "విరామ పరిశీలకుడు" అని పేరు పెట్టారు. అతను పూర్వం లారీలు పక్కకి జరపడానికి అరిచేవాడు, ఇప్పుడు "అల్ మింగేసేవు, వెనక్కెళ్ళు!" అని అరుస్తున్నాడు. బుట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళకి చేతులు ఖాళీ లేవు. దానికి సవరణ వచ్చింది: తలమీద బరువు గలవారు పాదముతో తాటింపవచ్చును. కుడికాలో ఎడమకాలో రాయలేదు. ఆ విషయమై పై ఆఫీసుకి రాశారు. జవాబు వచ్చేదాకా బుట్టలవాళ్ళు రెండు కాళ్ళతోనూ గెంతుతూ లోపలికి వచ్చారు.

"ఇదేం పోయేకాలమండీ," అని ఒకావిడ నన్ను నిలదీసింది, "గెంతితే కాయలు దొర్లిపోతన్నాయి!"

"పరదేశానికమ్మా," అన్నాను. ఇంకేం చెప్పను?

తర్వాత యార్డుని ఎనిమిది భాగాలు చేశారు. భాగానికొక ముక్క పేరు, ఒక బోర్డు. ఎండుకొబ్బరి టర్‌లో దింపాలి, పీచుకట్టలు ఐలో. నా కాయలకి నాలుగో భాగం వచ్చింది, షన్. అయితే ఎనిమిదోదీ షనే. ఒడిశా లారీ డ్రైవరు నా కాయల కోసం ఎనిమిదో షన్‌కి వెళ్ళి అక్కడున్న కొబ్బరి చీపుళ్ళు ఎక్కించుకుని పోయాడు. చీపుళ్ళాయన నా కాయల మీద కూచుని ఏడుపు ముఖం పెట్టాడు. ఇద్దరం వెళ్ళి, ఒకదాన్ని పాత షన్, ఇంకోదాన్ని కొత్త షన్ అందామని మనవి చేసుకున్నాం.

"వీల్లేదు," అన్నారు కార్యదర్శి గారు. "అదనంగా ఒక్క అక్షరం చేర్చినా ముక్కల సంఖ్య మారుతుంది. సరుకు మారినా సరిచెయ్యవచ్చు, పదం మారితే సరిచెయ్యలేం."

ఇంతవరకూ జరిగినదంతా నేను ఖర్చు కింద వేసుకున్నాను. వానకి కాయ తడుస్తుంది, రోడ్డు మునిగితే లారీ ఆగుతుంది, కార్యదర్శికి శిక్షణ అవుతుంది. వ్యాపారంలో ఇవన్నీ ఉంటాయి. నాగన్న బిళ్ళ తీసేసుకున్నప్పుడు మాత్రం ఇది ఖర్చు కాదు, మూలానికే గండి అని తెలిసింది.

గుబ్బల నాగన్న సంగతి చెప్పాలి. వయసు అరవై రెండు. యార్డు పెట్టిన రోజు నుంచీ కాయలు లెక్కపెడుతున్నాడు. చొక్కాకి ఇత్తడి బిళ్ళ, నంబరు పదకొండు. ఆ బిళ్ళ ఉంటేనే యార్డులో లెక్క పట్టనిస్తారు. రాశి ముందు వంగి, ఒక్కో చేత్తో రెండేసి కాయలు తీసి, నాలుగూ కలిపి ఒక్కసారి విసురుతాడు. నాలుగు కాయలు ఒక పుంజీ. పాతిక పుంజీలు వంద. మొదటి పుంజీ పడగానే "లాభం" అంటాడు. రెండోది "రెండు", మూడోది "మూడు", అలా పాతిక దాకా. వంద పూర్తయ్యాక ఒక్క కాయ విడిగా వేసి "కొసరు" అంటాడు. ఒకటి అనే మాట మా యార్డులో లెక్క మొదట ఎవరూ అనరు. మా తాత అనలేదు, మా నాన్న అనలేదు. బేరం మొదలయ్యే తొలి మాట లాభమే కావాలి. రైతు, వ్యాపారి, లారీవాడు ముగ్గురూ ఎదురు మాట్లాడకుండా ఒప్పుకునే లెక్క పీచులంకలో ఒక్కటే ఉంది. అది నాగన్నది.

మా వ్యాపారులకీ, గేటు పరిశీలకుడికీ పరీక్ష అయ్యాక లెక్కవాళ్ళందరికీ పెట్టారు. పాసైతే బిళ్ళ ఉంటుంది, ఫెయిలైతే జమ చెయ్యాలి. చదువురాని వాళ్ళ కోసం "వేలిముద్ర వర్గం" అని వేరే చేశారు. ఆ వర్గం వాళ్ళు మాట పలకనక్కర్లేదు. కార్యదర్శి గారు కర్రతో అట్ట తాకుతూ ఒక్కో ముక్క చదువుతారు, అభ్యర్థి చప్పట్లు కొడుతూ లెక్కపెట్టాలి. ఇందులో నాగన్నకి భయమెందుకు? జీవితమంతా చేసింది అదే. వ్యాపారుల తరఫు సాక్షిగా నన్ను కూచోబెట్టారు.

"ఇన్," అన్నారు కార్యదర్శి గారు.

నాగన్న చప్పట్లు చరిచి, "లాభం," అన్నాడు.

"టర్."

"రెండు."

"నే."

"మూడు."

గడియారంలా నడిచింది. ఎనిమిదో అట్టకి "ఎనిమిది" అని, నాగన్న కాస్త ఆగి, బల్ల మీద అరచేత్తో ఒక్కటి వేసి, "కొసరు," అన్నాడు.

కార్యదర్శి గారు కళ్ళజోడు తీశారు. "ప్రభావతి గారూ, అభ్యర్థి మొదటి ముక్కను లెక్కించలేదు. చివర మంజూరు కాని ముక్కనొకదానిని సృష్టించాడు. అనుత్తీర్ణుడు."

"లెక్కపెట్టేడండి," అన్నాను. "లాభం అన్నాడు గదా. మా లెక్కలో లాభమంటే ఒకటే."

"లాభం సంఖ్య కాదు, మాణిక్యాలరావు గారూ. లాభం ఫలితం. ప్రక్రియ పూర్తి కాకమునుపే ఫలితం ప్రకటించడం నిబంధనలకు విరుద్ధం."

"మరి ఆ చివరిది కొసరండి. అది అలవాటుగా వేస్తాడు."

"ఇంగ్లీషు భాషలో కొసరుకు ఏర్పాటు లేదు."

నాగన్నకి ఇరవై రోజులు గడువిచ్చారు. ఆలోగా "ఒకటి"తో మొదలుపెట్టి, ఎనిమిదితో ఆపితే బిళ్ళ తిరిగి ఇస్తారు. లేకపోతే పదకొండో నంబరు వేరే మనిషికి రాసేస్తారు. నాగన్న బిళ్ళ విప్పి, పంచె అంచుతో తుడిచి, బల్ల మీద పెట్టాడు. చొక్కా మీద అది ఉన్నచోట గుండ్రంగా రంగు తేడా. నలభై ఎండాకాలాలు తగలని చోటు.

బయటికి రాగానే పట్టుకున్నాను. "నాగన్నా, ఒక్కసారి ఒకటి అనెయ్. ఎవరు విన్నారు? ఆ గదిలో నలుగురం. బిళ్ళ చేతికొచ్చాక నీ ఇష్టం వచ్చినట్టు లాభం అనుకో."

"అలా ఎలాగండీ షావుకారు గారూ."

"ఒక్క మాటే గదా!"

"ఒక్క మాటేనండి. నలభై ఏళ్ళ సంది రాశి ముందు నిలబడి ఆ మాట అన్లేదని గదండీ అందరూ నా లెక్క నమ్మేది. రేపు మీ రాశి ముందు లాభం అన్నాననుకోండి, మీకే అనుమానం వచ్చేత్తది. ఈడు ఆఫీసులో ఒకలాగ, ఇక్కడ ఒకలాగ లెక్కెడతాడని."

నాకు అనుమానం వస్తుంది నిజమే.

నాగన్న లేని యార్డులో మొదటి వారం ఒక్క లారీ సాఫీగా వెళ్ళలేదు. పరీక్ష పాసైన మిగతా లెక్కవాళ్ళు "ఒకటి" అని మొదలుపెట్టగానే రైతు ముఖం చిట్లించేవాడు. వంద దగ్గరికి వచ్చేసరికి ముగ్గురి దగ్గర మూడు లెక్కలు. మళ్ళీ మొదటి నుంచి. నాగన్న గేటు బయట, రోడ్డుకి అవతల, సైకిలు షాపు అరుగు మీద కూచుని దారినపోయే వాటిని లెక్కపెట్టుకునేవాడు. ఎనిమిదో రోజున ఒక రైతు విసిగిపోయి తన బండిని గేటు లోపలికి తీసుకురాకుండా ఆ అరుగు ముందు ఆపాడు.

"నాగన్న బాబాయ్, కాసిని పట్టవా?"

"బిళ్ళ లేదురా."

"కాయలకి బిళ్ళెందుకు? నువ్వు పట్టు."

ఇంకో బండి ఆగింది. మర్నాడు పదకొండు. నేను కూడా నా లారీ అక్కడికే రమ్మన్నాను. వ్యాపారి లెక్క ఉన్నచోట ఉంటాడు. గేటు ముందు ఎనిమిది చప్పట్లు కొట్టే అవసరమూ లేదు, రెండు షన్‌ల గొడవా లేదు. మూడు రోజుల్లో పీచులంక మార్కెట్ అంతా రోడ్డు అవతలికి వచ్చేసింది. యార్డులో ఎనిమిది బోర్డులు, ఈల పట్టుకున్న పరిశీలకుడు, రెండు మేకలు మిగిలాయి.

కార్యదర్శి గారు కిటికీలోంచి ఇదంతా చూస్తున్నారు కదా, ఇక దిగొస్తారనుకున్నాను. ఆయన దిగిరాలేదు, నివేదిక పంపారు. ప్రభావతి గారు నాకు నకలు చూపించారు. "గత మూడు దినములలో యార్డునందు ఒక్క ఉచ్చారణ దోషమైనను నమోదు కాలేదు. లక్ష్యసాధన నూటికి నూరు శాతము."

అబద్ధం ఒక్కటీ లేదు. లోపలికి ఎవరూ పోలేదు, ఎవరూ తప్పు పలకలేదు.

నూరు శాతం చూసి పై ఆఫీసు ఆనందించింది. కమిషనర్ మేడమ్ స్వయంగా వచ్చి యార్డుకి ప్రశంసాపత్రం ఇస్తారని కబురొచ్చింది. అది నాగన్న గడువుకి ఆఖరి రోజు. పొద్దున్నే కార్యదర్శి గారు రోడ్డు దాటి సైకిలు షాపు దాకా వచ్చారు. ఆయన ఆ రోడ్డు నడిచి దాటడం అదే మొదటిసారి.

"మాణిక్యాలరావు గారూ, మేడమ్ వచ్చేసరికి యార్డులో జనసమీకరణ ఆవశ్యకం."

"జనం ఇక్కడున్నారండి. లెక్క ఇక్కడుంది గనక."

"అందరూ లోపలికి రావలెను."

"నాగన్న బిళ్ళ ఇచ్చెయ్యండి. గంటలో అందర్నీ తెస్తాను."

"అది పరీక్షాంశం. బేరమాడే విషయం కాదు."

"పోనీ గేటు పాసివ్వండి, ఈ ఒక్కరోజుకి."

ఆయన ఆలోచించారు. "సందర్శకునిగా ప్రవేశానుమతి ఇవ్వగలను. కాయలు ముట్టరాదు. లెక్కించరాదు."

మొత్తానికి కొంత దిగింది. బేరంలో మొదటి మాట దిగితే రెండోది దిగుతుందని నా అనుభవం. అందరినీ లోపలికి తోలుకొచ్చాను. నాగన్న నా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియదు.

కమిషనర్ మేడమ్ చకచకా నడిచే మనిషి. ఎనిమిది బోర్డులూ చూశారు, గేటు దగ్గర చప్పట్లు విన్నారు, వేదికెక్కారు. కార్యదర్శి గారు కర్రతో అట్టలు చూపిస్తూ ఒక్కో ముక్క చదివారు. చాలా స్పష్టంగా చదివారు. మేడమ్ తలూపి మైకు అందుకున్నారు.

"వెరీ గుడ్. ముక్కలు విన్నాం. ఇప్పుడు మొత్తం మాట ఒక్కసారి కలిపి చెప్పండి విద్యాధర్ గారూ. ప్రశంసాపత్రంలో రాసే ముందు మీ నోట వినాలి."

నేను ఆయన ముఖమే చూస్తున్నాను. చెవి దగ్గర పెట్టి ఊపక్కర్లేదు.

"ఇంటర్," అన్నారాయన. "ఇంటర్నేషన్... నల్... అల్..." ఆగిపోయారు. మంచినీళ్ళు తాగారు. "ఇంటర్నేష..." మళ్ళీ ఆగారు. ఈల నోట్లో ఉన్న పరిశీలకుడు ఊదాలా వద్దా అని గుటకలు మింగుతున్నాడు. కార్యదర్శి గారు మా అందరికేసీ చూశారు. ఆ చూపులో సర్క్యులర్ లేదు, సదరు లేదు. బడిలో పలక పట్టుకుని నిలబడ్డ పిల్లవాడి చూపు. నెలరోజులుగా ఆయన మీద నవ్వుదామని కూడబెట్టుకున్నవాళ్ళం, సమయానికి ఎవరికీ నవ్వు రాలేదు.

లెక్క మధ్యలో ఆగిపోతే తట్టుకోలేని మనిషి ఒకడు నా పక్కన ఉన్నాడు.

"మొదట్నించీ వెయ్యండి బాబూ!" అని కేకేశాడు నాగన్న. "కంగారు లేదు, నేను లెక్క పడతాను. లాభం!" అని ఫెడీమని చప్పట్లు చరిచాడు.

"ఇన్," అన్నారు కార్యదర్శి గారు అప్రయత్నంగా.

"రెండు!"

"టర్."

"మూడు!" ఈసారి పన్నెండుమంది లెక్కవాళ్ళూ కలిసి చరిచారు. ఒలుపువాళ్ళు గునపాలు నేలకేసి కొట్టారు. బుట్టలవాళ్ళు కాళ్ళు తాటించారు. నే, షన్, అల్, ఐ, జే, షన్. "ఎనిమిది!" అన్నాడు నాగన్న, ఆపకుండా, "ఇంకోసారి వెయ్యండి బాబూ, లాభం!" రెండోసారి వేగం పెరిగింది. మూడోసారికి ముక్కకీ ముక్కకీ మధ్య సందు లేదు. కార్యదర్శి గారి నోట్లోంచి ఆ మాట మొదటిసారి ఏకమొత్తంగా, లారీ మీదినుంచి రాశి జారినట్టు జారి పడింది.

"కొసరు!" అన్నాడు నాగన్న, అలవాటుగా.

"షన్!" అన్నారు కార్యదర్శి గారు, ఆ ఊపులో.

షెడ్డు దద్దరిల్లింది. మేడమ్ కూడా చప్పట్లు కొట్టారు. తర్వాత చెయ్యెత్తి, "ఇంటర్నేషనలైజేషన్ తర్వాత చివర ఇంకో షన్ వినబడింది. అదేమిటి?" అని అడిగారు.

పొరపాటు అని ఒక్క మాట అంటే నూరు శాతం పోతుంది. ఆ కొసరు ఎవరు వేశారో రికార్డులో ఉంది. కార్యదర్శి గారు చెమట తుడుచుకున్నారు. నాగన్న కేసి చూశారు. ఆ మనిషిలో కూడా వ్యాపారి ఉన్నాడని నాకప్పుడు తెలిసింది.

"స్థానిక వాల్యూ అడిషన్, మేడమ్," అన్నారు.

"మొదట్లో ఆ లాభం?"

"రైతు ఆదాయ దృక్పథం, మేడమ్."

"ఎక్సలెంట్," అని మేడమ్ రాసుకున్నారు. రాసుకునేవాళ్ళ సంగతి నాకు తెలుసు కనక ఏం జరగబోతోందో అప్పుడే లెక్కకట్టాను. అయినా నా అంచనా తక్కువే అయింది.

వారంలో ఉత్తర్వు దిగింది. ఇకమీదట సదరు పదమునకు తొమ్మిది ముక్కలు. లెక్క లాభముతో ప్రారంభమై కొసరుతో ముగియవలెను. యార్డులో తొమ్మిదో భాగం కట్టారు. దాని పేరూ షనే. మూడో షన్‌వాడితో కలిపి చీపుళ్ళాయనా నేనూ ఇప్పుడు ముగ్గురమయ్యాం. ఇక ఎనిమిది ముక్కలకి పాసైనవారందరి ఉత్తీర్ణత రద్దయింది. వ్యాపారులు, లెక్కవాళ్ళు, గేటు పరిశీలకుడితో సహా అందరం ఫెయిలు. "పాత పరీక్షా పత్రములు పరిశీలించగా," అని చివరి పేరాలో ఉంది, "గుబ్బల నాగన్న అను అభ్యర్థి ఒక్కడే లాభముతో ప్రారంభించి కొసరుతో ముగించినట్లు రూఢియైనది. బిళ్ళ నంబరు పదకొండు తక్షణమే పునరుద్ధరింపబడినది."

బిళ్ళ కార్యదర్శి గారే తెచ్చి ఇచ్చారు. నాగన్న పంచె అంచుతో తుడిచి, చొక్కా మీద ఆ గుండ్రటి చోటే పెట్టుకున్నాడు.

"మీకు ఆ మాట నోరు తిరిగింది గదండీ బాబూ," అన్నాడు. "ఎప్పుడైనా ఆగితే కబురెట్టండి. నేను పడతాను."

కార్యదర్శి గారు ఏదో అనబోయి, సదరు అని మొదలుపెట్టి, "సరే నాగన్నా," అన్నారు. ఫైలు వాసన లేకుండా ఆయన నోట నేను విన్న మొదటి మాట అది.

నేను మళ్ళీ పరీక్ష రాసి, నాగన్న దగ్గర రెండు రోజులు సాధన చేసి, తొమ్మిది చప్పట్లతో పాసై నా రాశి దగ్గరికి వచ్చాను. లారీ సిద్ధంగా ఉంది. ఒడిశా వెళ్ళాలి. పథకం మొదలవక ముందూ అక్కడికే వెళ్ళేది. పరదేశపు కొనుగోలుదారుడు ఇంకా రాలేదు. వస్తే మాత్రం మేము సిద్ధం.

నాగన్న రాశి ముందుకొచ్చి చేతులు దులుపుకున్నాడు.

"నాగన్నా, ఇంతకీ ఆ మాట ఎంతంటావు?"

"రెండు పుంజీలండి. పైన కొసరు."

"లోపలేముంది?"

"నాకేం తెలుసండీ. లెక్కెట్టమన్నారు, లెక్కెట్టేను. ఒలిచి చూడమన్లేదు గదా."

వంగి, రెండు చేతులా నాలుగు కాయలు తీసి విసిరాడు.

"లాభం," అన్నాడు.